పాంచాలంకురిచ్చి గండిలో ఈటె

కట్టబొమ్మన అనగానే మనకు కయత్తారు ఉరి గుర్తుకొస్తుంది. ఆయన ఇంటిభాష తెలుగని చెప్పుకొని సంతోషిస్తాం. ఆయన మనుషులు చేతబట్టిన ఈటె సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ ఈటెకు ఎదురుగా వచ్చింది కుంపినీవారి బాయొనెట్టు.

బాయొనెట్టు అంటే తుపాకీ కొనకు తగిలించే మొన. మొదట్లో దాని పిడిని గొట్టంలోకే దూర్చేవారు. దూర్చాక కాల్చడానికి వీల్లేదు. 1689లో స్కాట్లండులోని కిల్లీక్రాంకీ దగ్గర సైనికులు దాన్ని బిగించుకొనేలోపే కొండవాళ్ళు మీదపడి చీల్చి చెండాడారు. తరువాత గొట్టం చుట్టూ తొడిగే ఏర్పాటు వచ్చింది. ప్రతి తుపాకీ ఒక పొట్టి ఈటె కూడా అయింది. తుపాకీవాళ్ళకు కాపుగా ఈటెగాళ్ళను నిలపవలసిన పని లేకపోయింది. 1700 దాటిన కొద్ది ఏళ్ళకే యూరపు సైన్యాల్లో పొడవాటి ఈటె దాదాపు మాయమైంది.

నూరేళ్ళ తరువాత ఆ ఈటె ఇక్కడ ఎదురైంది. 1799 సెప్టెంబరు 5న మేజర్ బానర్మన్ పాంచాలంకురిచ్చి కోటపై జరిపిన దాడి విఫలమైంది. అక్టోబరు 16న కట్టబొమ్మనను ఉరితీశారు. 1800 జూన్ 3న కోయంబత్తూరు కోటను పట్టాలని విరూపాక్షి పాళెగాడు గోపాలనాయకుని వర్గం చేసిన యత్నం బెడిసికొట్టింది. 1801 ఫిబ్రవరిలో కట్టబొమ్మన తమ్ముడు ఊమైదురై పాళయంకోట చెర తప్పించుకొని, కూల్చిన మట్టికోటను కొద్ది రోజుల్లోనే మళ్ళీ లేపాడు.

మార్చి 31న మేజర్ మెకాలే సేన ఆ కోటగోడ గండి మీదికి ఉరికింది. బాయొనెట్టు బిగించిన తుపాకీ సుమారు ఆరడుగులు. పాళెగాళ్ళ ఈటె అంతకు రెండింతల పైమాట. ఇరుకు గండిలో తుపాకీ ఒకసారి పేలితే మళ్ళీ దట్టించే తీరిక లేదు. ఇక మిగిలింది పొట్టి ఈటెకూ పొడుగు ఈటెకూ పోరు. కుంపినీ సేన వెనుదిరిగింది. అక్కడే ఉన్న జేమ్స్ వెల్ష్ అనే అధికారి కోటవారి తెగువను తన జ్ఞాపకాల్లో మెచ్చుకున్నాడు. మే 24న కర్నల్ ఆగ్న్యూ కోటను పట్టుకున్నాడు. గెలిపించింది బాయొనెట్టు కాదు, పెద్ద ఫిరంగులూ లోపలికి విసిరిన చేతిబాంబులూ. ఆ డిసెంబరులోనే కుంపినీ పాళెగాళ్ళ సీమలో ఆయుధాలను నిషేధించింది.

బాయొనెట్టుకూ రోజులు మారాయి. దూరం పేలే, త్వరగా పేలే తుపాకులు వచ్చాక శత్రువు దగ్గరకు రావడమే అరుదైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మరతుపాకుల ముందు అది నిలవలేదు. నేడది పొట్టి కత్తి. ఎక్కువగా కవాతుల్లో మెరుస్తుంది.

1974లో తమిళనాడు ప్రభుత్వం కట్టించిన స్మారక కోటకు పిల్లలను తీసుకువెళ్ళినప్పుడు కథను ఉరితో ఆపకండి. గండిలో నిలిచినవారిలో తెలుగు ఇళ్ళవారూ తమిళ ఇళ్ళవారూ ఉన్నారు. కుంపినీ పక్షం చేరిన ఎట్టయాపురం పాళెగాడి ఇంటిభాషా తెలుగే. కాబట్టి ఇంటిభాష ఒక్కటే చూసి గర్వపడితే చాలదు. ఎవరి పక్కన నిలబడ్డారో కూడా చెప్పాలి.