జల్లెడ అడిగే ప్రశ్న వేరు, నీరు అడిగే ప్రశ్న వేరు

ఆ మధ్య మా సంఘం సమావేశంలో ఒక కుర్రవాడు నన్ను ఇరుకున పెట్టాడు. "బరువైనది ముందు పడుతుందన్న అరిస్టాటిల్ మాట తప్పని గెలీలియో తేల్చాడు" అని నేను అలవాటు ప్రకారం చెప్పుకుపోతున్నాను. 1971లో అపోలో 15 యాత్రికుడు డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ ఈకనూ వదిలితే రెండూ ఒకేసారి నేలను తాకిన సంగతి కూడా చెప్పాను. ఆ అబ్బాయి గనుల ఇంజనీరింగ్ చదువుతున్నాడట. "అన్నీ ఒకేలా పడితే ఖనిజం వేరుచేసే మా యంత్రాల్లో సగం పనిచెయ్యవు సార్" అన్నాడు. అందరూ నవ్వారు. నా దగ్గర సమాధానం లేదు. నేను బీకాం చదివి, రక్షణ శాఖ పద్దుల్లో తల నెరిసినవాణ్ణి. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను.

విషయం ఇది. గనిలోంచి వచ్చిన రాయిని మిల్లులో పొడి చేస్తారు. ముతకగా ఉంటే లోహం రాతిలోనే చిక్కుకుని ఉంటుంది. మరీ మెత్తనైతే కరెంటు దండగ, పైగా ఆ సన్నటి బురదలోంచి లోహం తీయడం కష్టం. కాబట్టి పొడిని రెండు పాళ్ళు చేయాలి. మెత్తనిది ముందుకు, ముతకది మళ్ళీ మిల్లులోకి. ఈ పనిచేసే సాధనమే క్లాసిఫయర్.

దీనికి మనిషి కనిపెట్టిన దారులు ముఖ్యంగా రెండు, రెండూ మన వంటింట్లో ఉన్నవే. పిండి జల్లించడం ఒకటి, బియ్యం గాలించడం రెండోది. జర్మనీ గనుల గురించి అగ్రికోలా రాసిన పుస్తకం 1556లో అచ్చయింది. అందులో జల్లెడలూ ఉన్నాయి, నీటి కాలువల్లో పొడిని కడిగే పద్ధతులూ ఉన్నాయి. (ఆ లాటిన్ పుస్తకాన్ని 1912లో భార్యతో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చిన గనుల ఇంజనీరు హెర్బర్ట్ హూవర్ తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు.)

అయితే ఈ రెండూ ఒకే పని చేస్తాయనుకోవడం పొరపాటు. జల్లెడ "నీ సైజెంత?" అని మాత్రమే అడుగుతుంది. నీరు "నువ్వెంత వేగంగా మునుగుతావు?" అని అడుగుతుంది. ఆ వేగంలో సైజూ ఉంది, సాంద్రతా ఉంది. గెలీలియోకి ఇది తెలుసు. 1638 నాటి పుస్తకంలో ఆయన చెప్పిందేమిటంటే, పాదరసంలో బంగారం మునుగుతుంది, సీసం తేలుతుంది; గాలిలోనైతే వాటి వేగాల్లో తేడా దాదాపు కనబడదు. మాధ్యమం పలచబడేకొద్దీ తేడా తగ్గుతోంది కాబట్టి, శూన్యంలో అన్నీ సమానంగా పడతాయని ఊహించాడు. మనం వేదికల మీద ముగింపు చెప్పి, దారి చెప్పడం మానేశాం.

సన్నటి రేణువు ద్రవంలో మునిగే వేగానికి 1851లో స్టోక్స్ సూత్రం అచ్చయింది. రేణువుకీ ద్రవానికీ సాంద్రతలో ఉన్న తేడాను రేణువు వ్యాసం వర్గంతో హెచ్చవేస్తే, వేగం ఆ లబ్ధానికి అనుపాతంలో ఉంటుంది. లెక్క కట్టి చూశాను. పలుగురాయి సాంద్రత 2.65, స్వచ్ఛమైన బంగారానిది 19.3. రెండిట్లోంచీ నీటి సాంద్రత 1 తీసేస్తే 1.65, 18.3. నిష్పత్తి 11, దాని వర్గమూలం 3.3. అంటే 100 మైక్రాన్ల పలుగురాయీ, 30 మైక్రాన్ల బంగారు రేణువూ జంటగా మునుగుతాయి! బంగారం రేకులా ఉంటే ఈ అంకె మారుతుంది గానీ, దిశ మారదు.

ఇక యంత్రాలు. 1904లో అమెరికాలోని సౌత్ డకోటాలో జాన్ డార్ అనే ఆయన వాలుగా ఉన్న తొట్టిలో పళ్ళదంతె లాంటివి అమర్చాడు. దంతెలు ముతక ఇసుకను పైకి లాగుతాయి, మెత్తనిది నీటితోపాటు కింది అంచు మీదుగా పొర్లిపోతుంది. దంతెల బదులు మరసుట్టు పెట్టిన యంత్రాలూ వచ్చాయి. బలమైనవే గానీ చాలా చోటు కావాలి. తర్వాత హైడ్రోసైక్లోన్. పైన వెడల్పు, కింద సన్నం, గరాటా అనుకోండి. బురదనీటిని పక్కనుంచి ఒత్తిడితో పంపితే సుడి తిరుగుతుంది. ముతకది గోడకు చేరి కింద రంధ్రంలోంచి, మెత్తనిది పై గొట్టంలోంచి పోతాయి. కదిలే భాగం ఒక్కటీ లేదు. 1891లోనే అమెరికాలో బ్రెట్నీ పేటెంటు తీసుకున్నా, నెదర్లాండ్స్ ప్రభుత్వ బొగ్గుగనుల వాళ్ళు 1939 ప్రాంతంలో పట్టించుకునేదాకా అది పెద్దగా వాడుకలోకి రాలేదు. 1950ల నుంచి మిల్లుల దగ్గర దంతెల తొట్లను క్రమంగా తోసేసింది.

స్టోక్స్ సూత్రం వర్తించినంతవరకు, సుడి బలం గురుత్వాకర్షణకు ఎన్ని రెట్లున్నా పై 3.3 నిష్పత్తి మాత్రం మారదు. అందుచేత రాతినుంచి విడిపడిన సన్న బంగారం కూడా "ముతక"గా లెక్కకొచ్చి, మళ్ళీ మిల్లులోకి పోతుంది. తిరుగుతూనే ఉంటుంది. కొంత మిల్లు లోపలి పలకల సందుల్లో చేరిపోతుంది. పలకలు విప్పినప్పుడు బయటపడుతుంది.

నాలోని లెక్కలవాడు ఇక్కడ ఆగిపోయాడు. ఖనిజం పరీక్షలో ఇంత బంగారం ఉందన్నారు, చేతికి అంతకంటే తక్కువ వచ్చింది. ముందుగా ఎవరిని అనుమానిస్తారు? మైసూరు సంస్థానంలోని కోలారు గనుల్లో పనిచేసినవాళ్ళలో చిత్తూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి వెళ్ళిన పేదలు ఎందరో. బంగారం దొంగతనాల భయం అక్కడి యాజమాన్యాన్ని ఎప్పుడూ వదల్లేదు. 1930లో కార్మికుల వేలిముద్రలు తీసుకుని నమోదు చెయ్యబోతే పెద్ద సమ్మే జరిగింది. దొంగతనాలు జరగలేదని నేననను, జరిగాయి. కానీ పద్దులో తేడా ఒక్కటే దొంగతనానికి రుజువు కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక డిపోలో పెట్రోలు తరుగు వచ్చిందని స్టోర్‌కీపరుకు మెమో రాసిన పాపం నాకూ ఉంది. మధ్యాహ్నం ఎండలో నింపిన పెట్రోలును చలికాలం తెల్లవారుజామున కొలిచారు. చల్లబడితే పెట్రోలు కుంచించుకుపోతుందని మా సీనియర్ చెప్పేదాకా నాకు తట్టలేదు. మెమో వెనక్కి తీసుకున్నాం గానీ, ఆయన ఆ తర్వాత నాతో సరిగ్గా మాట్లాడలేదు.

గనులవాళ్ళు ఈ చిక్కుకు విరుగుడు పెట్టుకున్నారు. మిల్లుకు తిరిగి వెళ్ళే బురదలో కొంత పక్కకు మళ్ళించి, నెల్సన్ కాన్సంట్రేటర్ లాంటి తిరిగే గిన్నెలో పోసి, బరువైన బంగారాన్ని అక్కడే పట్టేస్తారు. కొన్నిచోట్ల సైక్లోన్ తీసేసి సన్నటి పాలీయురేథేన్ జల్లెడలు పెడుతున్నారు. నాలుగొందల ఏళ్ళు తిరిగి మళ్ళీ జల్లెడ దగ్గరికే!

వచ్చే సమావేశంలో ఆ అబ్బాయినే మాట్లాడమన్నాను. గాజు గొట్టం, ఇసుక, ఇనుప రజను తెస్తానన్నాడు. నీళ్ళ బకెట్టు నా వంతు.