దరోజి ఈరమ్మ కథలూ, మన కంప్యూటర్ల ఆయాసమూ

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, ఓపిక పట్టి చదవండి.

పోయిన నెల తారానగర్‌లో మా ఇంట్లో ఒక పెద్దమ్మ చేత పెళ్లి పాటలు పాడించి కంప్యూటర్లోకి ఎక్కించాం. అలిగిన వియ్యపురాలి పాట దగ్గర్నుంచి అప్పగింతల పాట దాకా గంటన్నర పాడింది. రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే గుండె జారిపోయింది. నిమిషానికోసారి ‘టిక్కు’మని చప్పుడు. రెండు చోట్ల మాటే సగం మింగేసింది. మర్నాడు పోయి మళ్ళీ పాడమ్మా అంటే, "నిన్నటి పాట నిన్నటితోనే పోయిందప్పా, ఇంకోనాడు చూద్దాం" అంది. ఆమెకు ఎనభై దాటినాయి.

అంగడికి పట్టుకుపోతే మిషన్ పాతబడింది, కొత్తది కొనండి అన్నారు. అంత డబ్బు సంఘం దగ్గర లేదు. ఉన్నా అది జవాబు కాదని తర్వాత తెలిసింది.

పాటకు మిషన్ చాలకపోవడం ఇవాళ్టి సంగతి కాదు. 1902లో గ్రామఫోన్ కంపెనీ మనుషులు కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గొంతు పట్టుకున్నారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు దేశమంతా చెలామణి అయిన 78 స్పీడు ప్లేటులో ఒక పక్కకు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలు. గంటసేపు పాడే రాగాన్ని మూడు నిమిషాల్లో కుదించమన్నారు, విద్వాంసులు కుదించారు. మన పద్య నాటకాలు కూడా ప్లేట్ల సెట్లుగా ముక్కలై వచ్చాయి. ప్లేటు ఎంత పొడుగో పాట అంతే.

ఇప్పుడు మన తాలూకాకు వస్తా. సండూరు 1949 దాకా ఘోర్పడేల సంస్థానం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, బళ్ళారి, సండూరు మైసూరుకు వచ్చాయి. గీత కాగితం మీద పడింది గానీ పాటల మీద పడలేదు. అందుకు సాక్ష్యం మన పక్కనే దరోజిలో ఉండిన బుర్రకథ ఈరమ్మ. బుడగ జంగాల ఆడపడుచు. వాళ్ళ ఇంటి భాష తెలుగు. ఆమె కన్నడంలో కథ చెప్పి మెప్పించింది. అక్షరం రాదు. కుమారరాముడు, బాలనాగమ్మ, బొబ్బిలి నాగిరెడ్డి, ఇలా పన్నెండు కథలు నోటికే ఉండేవి. అన్నీ కలిపితే 2 లక్షల మాటలని లెక్కగట్టారు. కర్ణాటక రాజ్యోత్సవ ప్రశస్తి, హంపి కన్నడ విశ్వవిద్యాలయం నాడోజ వచ్చాయి. 2014 ఆగస్టులో కాలం చేసింది.

ఒక్కో కథ రాత్రంతా నడుస్తుంది. మూడు నిమిషాల ప్లేటుకు ఈమెతో ఏం పని? ఆ కథలు అచ్చులోకి వచ్చాయంటే, టేపు వచ్చి, పక్కన కూర్చుని విని రాసుకునే మనుషులు వచ్చిన తర్వాతే. 1963లో ఫిలిప్స్ వాళ్ళు తెచ్చిన క్యాసెట్‌కు కూడా పక్కకు ముప్పై, నలభై ఐదు నిమిషాలే. రాజు గుర్రమెక్కేసరికి ‘టక్’ మని ఆగేది, తిప్పేలోపు గుర్రం కోట దాటిపోయేది. అయినా క్యాసెట్‌కు ఒక మంచి గుణం ఉంది: దానికి వేరే పని లేదు. తిరగడమే పని.

కంప్యూటర్‌తో అసలు చిక్కు అక్కడే. దానికి వంద పనులు. ఈ సంగతి 1990లలోనే పాటల వాళ్ళకు తెలిసింది. అప్పటి కంప్యూటర్లలో శబ్దం ఆపరేటింగ్ సిస్టమ్ గుమ్మాలన్నీ దాటి వచ్చేసరికి ఆలస్యం అయ్యేది. 1997లో హాంబర్గ్‌లోని స్టైన్‌బర్గ్ కంపెనీ ఆ గుమ్మాలను తప్పించి సౌండ్ కార్డు నుంచి నేరుగా పాటల సాఫ్ట్‌వేర్‌కు దారి వేసింది. దాని పేరు ఆసియో. ఇప్పటికీ విండోస్ మీద ఇంట్లో రికార్డు చేసేవాళ్ళు ఎక్కువగా వాడేది అదే.

అయినా టిక్కులు ఎందుకు? మన వీధి కుళాయి అనుకోండి. నీళ్ళు ఆగవు. కింద బిందె నిండగానే ఇంకోటి పెట్టి, నిండినదాన్ని ఇంట్లో తొట్టిలో పోసి రావాలి. రెండోది నిండేలోపు తిరిగి రాలేదా, నీళ్ళు నేలపాలు. మనకు వినబడే ‘టిక్కు’ ఆ ఒలికిన నీళ్ళే. ఈ బిందె పేరే బఫర్. సెకనుకు 48,000 శాంపిళ్ళు వస్తుంటే, 64 శాంపిళ్ళ బఫర్ పెట్టుకుంటే సెకనుకు 750 సార్లు పరుగెత్తాలి. 1,024 పెడితే 47 సార్లు చాలు.

మరి అందరూ పెద్ద బిందే పెట్టుకోవచ్చుగా? పెద్ద బిందె నిండేదాకా ఇంట్లోకి చుక్క రాదు. 1,024కు 21 మిల్లీసెకన్లు, అంటే వంత పాడే మనిషి ఏడు మీటర్ల అవతల నిలబడ్డట్టు. పోను రాను కలిపితే ఇంకా ఎక్కువ. కంప్యూటర్ నుంచి తన గొంతు తాను వింటూ పాడేవాడికి తాళం తప్పుతుంది. కానీ మా పెద్దమ్మ హెడ్‌ఫోన్ పెట్టుకోలేదే! ఆమెకు ఆలస్యంతో పనే లేదు. ఎవరో వీడియోలో చెప్పారని మావాడు 64 పెట్టాడు. మాకు తగిలిన దెబ్బల్లో పెద్దది అది. మిషన్ పాతది కాదు, బిందె చిన్నది.

రెండోది, నన్ను బాగా తికమక పెట్టింది. టాస్క్ మేనేజర్ తీస్తే కంప్యూటర్ 15 శాతమే పని చేస్తోందని చూపిస్తుంది, టిక్కులు మాత్రం ఆగవు. అది సగటు లెక్క. రోజంతా ఖాళీగా కూర్చున్నా, బిందె నిండిన క్షణంలో వైఫై డ్రైవర్ చెయ్యి పట్టుకుని ఆపితే నీళ్ళు పోయినట్టే. లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాం ఏ డ్రైవర్ ఆపుతోందో పేరు పెట్టి చెబుతుంది. మాది వైఫైయే. దాన్ని, బ్లూటూత్‌ను ఆపేశాం. రికార్డు చేసే ఫోల్డర్‌ను యాంటీవైరస్ తనిఖీ నుంచి, క్లౌడ్ కాపీ నుంచి తప్పించాం.

మూడోది పూర్తిగా మన ఊరిది. ల్యాప్‌టాప్ అడుగు విప్పితే ఫ్యాను రెక్కల మీద ఎర్రటి పొర. మన ఇనుప గనుల దుమ్ము! మామిడిపళ్ళ కాలం ఎండకు అది తోడైతే చిప్ వేడెక్కి, కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. మొదటి ఇరవై నిమిషాలు బాగా రికార్డయి తర్వాత టిక్కులు మొదలైతే ముందు ఈ వేడినే అనుమానించండి. కరెంటు తీగ పెట్టకుండా బ్యాటరీ మీద నడిపినా నెమ్మదిస్తుంది.

బుర్రకథ రికార్డు చేసేవాళ్ళకు ఇంకొక్కటి. వేవ్ ఫైలు 1991లో పుట్టింది, దాని కొలత గడిలో 4 జీబీకి మించి రాయడానికి చోటు లేదు. రెండు ఛానెళ్ళు, 24 బిట్, 48,000 శాంపిళ్ళ మీద అది నాలుగు గంటల ఎనిమిది నిమిషాలకు నిండుతుంది. అంటే ఈరమ్మ లాంటి మనిషి కథ తెల్లవారుజాముకు రాకముందే. ప్లేటు పోయిందనుకున్నాం గానీ, అది కాస్త పొడుగై ఇక్కడే ఉంది. గంటకోసారి కొత్త ఫైలు మొదలుపెట్టండి, లేదా ఆర్ఎఫ్64 అనే రకం ఎంచుకోండి.

పెద్దమ్మ ఆదివారం పొద్దున రమ్మంది, ఎండ ముదరకముందే. ఈసారి బఫర్ 2,048, వైఫై బంద్. పక్కన ఒక ఫోను కూడా విడిగా రికార్డింగులో పెట్టి ఉంచుతాం. వచ్చేవాళ్ళు ఏడింటికల్లా రండి. పాట నడుస్తున్నప్పుడు మీ ఫోన్లు మోగకుండా చూసుకోండి.