చుక్కలు లెక్కపెట్టే చిప్

హౌస్ సర్జన్‌గా రాత్రి డ్యూటీల్లో సెలైన్ చుక్కలను చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టేవాళ్ళం. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్‌తో లీటరు ద్రవం ఎనిమిది గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి సుమారు 42 చుక్కలు పడాలి. రోగి మోచెయ్యి మడిస్తే ఆ లెక్క తప్పేది. మేము మరో మంచం దగ్గర ఉంటే ఆ సంగతి తెలిసేది కాదు. నేడు ఆ కాపలా పని ఇన్ఫ్యూషన్ పంపు చేస్తోంది. అందులో లెక్క చూసేది మైక్రోకంట్రోలర్.

1971లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇంజనీర్లు గ్యారీ బూన్, మైకేల్ కాక్రన్ ప్రాసెసర్‌ను, మెమరీని, బయటి తీగలతో సంబంధం పెట్టుకునే భాగాలను ఒకే సిలికాన్ ముక్కపై ఇమిడ్చారు. ఆ బాటలోనే 1974లో 4 బిట్ల టీఎంఎస్ 1000 మార్కెట్లోకి వచ్చింది. 1976 నాటి ఇంటెల్ 8048 తొలి ఐబీఎం పీసీ కీబోర్డులో పనిచేసింది. 1980లో దాని వారసురాలు 8051 వచ్చింది.

8051లో ప్రోగ్రాముకు 4 కిలోబైట్లు, తాత్కాలిక లెక్కలకు 128 బైట్లు మాత్రమే ఉన్నాయి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి కనుక, ఈ వాక్యం కూడా ఆ 128 బైట్లలో పట్టదు. అయినా అది చాలింది. ప్రోగ్రాము చెరగని మెమరీలో వేరుగా ఉంటుంది. తాత్కాలిక మెమరీలో అప్పటికప్పటి అంకెలుంటే చాలు. 12 మెగాహెర్ట్జ్ గడియారంతో దాని టైమరు మైక్రోసెకనుకు ఒకటి చొప్పున లెక్కిస్తుంది. 32 తీగల్లో దేనినైనా ఒకే ఆదేశంతో వెలిగించవచ్చు, ఆర్పవచ్చు. మోటారును ఒక అడుగు తిప్పడానికైనా, అలారం మోగించడానికైనా అంతకు మించి అక్కరలేదు. ఇంటెల్ 2007లో దీని తయారీ మానుకున్నా, ఇతర సంస్థలు ఈ నమూనాను కొనసాగించాయి.

ఇలాంటి చిప్ ఉన్న పంపుకు గొట్టం మడత పడితే తెలుస్తుంది. పీడనం పెరిగినట్టు సెన్సర్ తీగ చెబుతుంది, అలారం మోగుతుంది. కాని సూది సిరలోంచి జారి ద్రవం కండలోకి పోతుంటే పీడనం అంతగా పెరగకపోవచ్చు. అప్పుడు పంపు మౌనంగా, సరైన లెక్కతోనే తోస్తూ ఉంటుంది. తీగ ద్వారా రాని సంగతి చిప్‌కు తెలియదు.

అందుకే రౌండ్లలో తెర మీది అంకె చూశాక రోగి చేతిని కూడా తాకి చూస్తాను. వాపు, చల్లదనం ఇప్పటికీ వేళ్ళకే ముందుగా తెలుస్తాయి.