ఏడాదికో చొక్కా

"ఆట అన్నం పెడుతుందా?" అని అడగని తల్లి మన ఇళ్ళలో ఉండదు. పిల్లవాడు బంతి చంకన పెట్టుకుని గడప దాటబోతే చాలు, వెనకనుంచి ఈ ప్రశ్న వచ్చి వీపుకు తగులుతుంది. బ్యాంకు పరీక్షలు, మార్కులు, ఒకటో తారీఖున చేతికొచ్చే జీతం, అన్నీ ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంటాయి. తప్పేమీ లేదు. నెలాఖరున చక్కెర డబ్బా అడుగు గీకే మనిషికి ఆ మాట అడిగే హక్కు ఉంది.

ఆ ప్రశ్నకు మాటలతో కాకుండా కాళ్ళతో జవాబు చెప్పిన మనిషొకడు హైదరాబాదులో పుట్టాడు. పేరు మహమ్మద్ హబీబ్. పుట్టింది 1949 జులై 17న. మన తరం ఇళ్ళలో క్రికెట్ ఆటగాళ్ళ పేర్లు చంటిపిల్లలకు కూడా తెలుసు గాని, ఈ పేరు చెబితే "ఎవరమ్మా ఆయన?" అంటారు. అదే కలకత్తాలో చెప్పండి, డెబ్భై ఏళ్ళ ముసలాయన కళ్ళు కూడా మెరుస్తాయి.

అప్పట్లో హైదరాబాదంటే ఫుట్‌బాల్‌కు పుట్టిల్లు. సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు పట్టుకొచ్చింది. ఆ ఆటగాళ్ళను తీర్చిదిద్దిన రహీం సాహెబు వృత్తికి బడిపంతులు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచిందంటే ఆయన చేతి చలవే. అలాంటి ఊళ్ళో పుట్టిన హబీబ్, అతని తమ్ముడు అక్బర్ బంతి వెనక పరుగెత్తడంలో వింతేముంది?

1965-66 సంతోష్ ట్రోఫీ ఫైనల్లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాలును ఓడించింది. ఆ పేరుతో మన రాష్ట్రం ఆ ట్రోఫీ గెలిచింది ఆ ఒక్కసారే. ఆ జట్టులో హబీబ్ కూడా ఉన్నాడు. ఓడినవాళ్ళు ఊరుకుంటారా? ఓడించినవాణ్ణి తమ ఇంటికే తెచ్చుకున్నారు. 1966లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పిలుపు మీద ఆ కుర్రవాడు కలకత్తా వెళ్ళాడు. అప్పటికి పదిహేడేళ్ళు కూడా సరిగా నిండలేదు.

ఇక్కడ కలకత్తా సంగతి కొంచెం చెప్పాలి. అక్కడ మూడు పెద్ద క్లబ్బులు. 1889లో పుట్టిన మోహన్ బగాన్, 1891లో పుట్టిన మహమ్మడన్ స్పోర్టింగ్, 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్. మన దగ్గర ఊరికి ఊరికి ఉండే పంతం, అక్కడ క్లబ్బుకూ క్లబ్బుకూ ఉంటుంది. ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజు బజారులో ఇలిష చేపకు ధర పెరుగుతుందనీ, మోహన్ బగాన్ గెలిస్తే పెద్ద రొయ్యలకు గిరాకీ అనీ చెప్పుకుంటారు. అంటే ఆట ఫలితం వంటింటిదాకా వస్తుందన్నమాట! ఇదంతా నవ్వులాటగా ఆగిపోతే బాగుండేది. 1980 ఆగస్టు 16న ఈ రెండు జట్లూ ఆడుతుండగా ఈడెన్ గార్డెన్స్‌లో గొడవ రేగి, 16 మంది ప్రేక్షకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇంటినుంచి ఆట చూడ్డానికని వెళ్ళి తిరిగి రాని ఆ పిల్లల తల్లులను తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

అంత పంతమున్న ఊళ్ళో మన హబీబ్ ఏం చేశాడో చూడండి. మొదట ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు. తర్వాత మోహన్ బగాన్‌కు వెళ్ళాడు. 1970లో తిరిగి ఈస్ట్ బెంగాల్‌కు వచ్చి 1974 దాకా ఉన్నాడు. ఆ ఐదేళ్ళూ కలకత్తా లీగు ఆ క్లబ్బుదే. 1975లో మహమ్మడన్ చొక్కా తొడుక్కున్నాడు. 1976 నుంచి మళ్ళీ మోహన్ బగాన్. 1979లో మళ్ళీ మహమ్మడన్. 1980లో మళ్ళీ ఈస్ట్ బెంగాల్. చివరికి మోహన్ బగాన్‌లో ఆడి ఆట చాలించాడు. చాకలి పద్దులాగా ఉంది కదూ! చాలాచోట్ల తమ్ముడు అక్బర్ కూడా వెంటే. 1976లో ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన 17 సెకన్లకే గోలు కొట్టింది ఆ తమ్ముడే.

ఇన్నిసార్లు గోడ దూకినవాణ్ణి ఎవరు నమ్ముతారు? అదే చిత్రం. మూడు క్లబ్బులవాళ్ళూ నమ్మారు. "బడే మియా" అని పిలుచుకున్నారు. వదిలిపోయినప్పుడు కోప్పడ్డారు, తిరిగి వచ్చినప్పుడు హారతి పట్టారు.

దీన్ని అర్థం చేసుకోవడానికి నాకు మా చిత్తూరు పల్లెల్లో జరిగే భారతమే సాయపడింది. ధర్మరాజుల గుడి ముందు పగలు హరికథ, రాత్రి నాటకం, పద్దెనిమిది రోజులు. ఆ నాటకాలు ఆడేవాళ్ళు కూలికి వచ్చినవాళ్ళే. ఈ ఊళ్ళో అర్జునుడి వేషం కట్టినవాడు వచ్చే నెల ఇంకో ఊళ్ళో దుర్యోధనుడు కావచ్చు. "మొన్న పాండవుల పక్షాన ఉంటివే, ఇప్పుడిదేమిరా?" అని ఎవరైనా అడుగుతారా? అడగరు. గదతో రంగం మీదికి వచ్చినప్పుడు నేల అదిరిందా లేదా అన్నదే చూస్తారు. హబీబ్ పద్ధతీ అదే. ఏ చొక్కా తొడుక్కుంటే ఆ చొక్కాకు ఒళ్ళు దాచుకోకుండా ఆడాడు. సన్నని మనిషి. ముందువరసలో ఆడేవాడైనా బంతి పోతే వెనక్కి పరుగెత్తి దాన్ని తెచ్చుకునేదాకా ఊరుకునేవాడు కాడు.

1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మనకు కాంస్యం వచ్చింది. నాయకుడు నయీముద్దీన్, ఆయనా హైదరాబాదువాడే. ఆ జట్టులో హబీబ్ ఉన్నాడు. ఆ క్రీడల్లో ఫుట్‌బాల్‌కు మళ్ళీ పతకం రానేలేదు. 1977 సెప్టెంబరు 24న పీలే తన కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చాడు. జనమంతా ఆయన్ను చూడ్డానికే వచ్చారు. మోహన్ బగాన్ ఆ ఆటను 2-2తో సమం చేసింది. అందులో ఒక గోలు హబీబ్‌ది. "ఆయనా ఆటగాడే, నేనూ ఆటగాణ్ణే" అన్న ధోరణిలో దిగాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1980లో అర్జున అవార్డు వచ్చింది.

అసలు విషయం ఇప్పుడు వస్తుంది. ఆ రోజుల్లో ఆటగాళ్ళంతా బ్యాంకులోనో, రైల్వేలోనో ఉద్యోగం చూసుకునేవారు. ఆట సాయంత్రం పని, ఉద్యోగం బతుకుతెరువు. పిలిచి ఇస్తామన్నా హబీబ్ ఆ ఉద్యోగాలు వద్దన్నాడు. ఆటే నా పని, దానికి కూలి ఇవ్వండి, అన్నాడు. అందుకే ఆయన్ను మన దేశంలో మొదటి అసలు సిసలు వృత్తి ఆటగాడు అంటారు. ఆ నిర్ణయంలో ఎంత సాహసముందో సంసారం నడిపే ఆడదానికి బాగా తెలుస్తుంది. ప్రావిడెంట్ ఫండు లేదు, పింఛను లేదు. మోకాలు ఒక్కసారి మెలికపడితే వచ్చే ఏటి జీతం గాలిలో దీపం. ఉన్న ఆస్తల్లా రెండు కాళ్ళు.

మనలో చాలామందిమి జీవితంలో ఒక్కసారే చొక్కా మార్చుకుంటాం, పెళ్ళినాడు. ఆ తర్వాత నలభై ఏళ్ళూ "నువ్వు పుట్టింటిదానివా, అత్తింటిదానివా?" అన్న నిలదీత తప్పదు. ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి పొయ్యి దగ్గర నిలువునా కాగిపోయినా, చేసిన చాకిరీని పని అని ఎవరూ అనరు, మనమూ అనం. కూలి మాట సరేసరి. హబీబ్ మూడిళ్ళలో పనిచేశాడు. మూడు చోట్లా తన పనికి విలువ ఇంత అని నోరు తెరిచి చెప్పాడు. చెప్పినందుకు గౌరవం తగ్గలేదు. ఇది నాకు గోలుకన్న గొప్పగా కనిపిస్తుంది.

ఆట చాలించాక కుర్రవాళ్ళకు నేర్పాడు. జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలో పిల్లల్ని తయారుచేశాడు. చివరి రోజుల్లో జ్ఞాపకశక్తి తగ్గిందట. 2023 ఆగస్టు 15న హైదరాబాదులోనే కన్నుమూశాడు. ఊరంతా జెండా పండుగలో ఉన్న రోజు. కలకత్తా పత్రికల్లో పెద్దపెద్ద అక్షరాలు. మన పక్క మాత్రం ఏ పేజీలోనో చిన్న వార్త.

పిల్లవాడు రేపు మళ్ళీ బంతి తీసుకుని బయలుదేరతాడు. "అన్నం పెడుతుందా?" అని అడగవద్దని నేననను, అడగండి. దానితోపాటు ఇంకొక్కటి కూడా అడగండి: "ఒళ్ళు దాచుకోకుండా ఆడుతున్నావా?" రెండో దానికి వాడు అవునని ధైర్యంగా చెప్పగలిగితే, మొదటి ప్రశ్నను ఒక్క ఏడాది వాయిదా వేయవచ్చు.