అమ్మ గ్లాసు పరీక్ష

మస్కట్ వచ్చిన కొత్తలో ఇంటినుంచి తెచ్చుకున్న కారం అయిపోతే, రూవీలో ఒక కొట్లో ప్యాకెట్ కొన్నాను. ఫోన్లో అమ్మ ఒకటే మాట: "గ్లాసుడు నీళ్ళల్లో చిటికెడు వేసి చూడరా. ఇటుక పొడి ఉంటే అడుక్కి దిగుతుంది."

ఈ అనుమానం పాతదే. లండన్‌లో ఫ్రెడరిక్ ఆకమ్ అనే రసాయన శాస్త్రవేత్త 1820లో కల్తీల మీద రాసిన పుస్తకంలో, మిరప పొడిలో సీసపు సింధూరం కలుపుతున్నారని బయటపెట్టాడు. మన గుంటూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, 1918లో అక్కడ కల్తీ నిరోధక చట్టం వచ్చింది. దేశమంతటికీ కలిపి 1954లో వచ్చింది.

2003లో మన దేశంనుంచి వెళ్ళిన కారంలో సుడాన్-1 అనే రంగు ఫ్రాన్స్‌లో పట్టుబడింది. క్యాన్సర్ భయంతో తిండిలో వాడకూడదన్న రంగు అది. పరీక్ష చేసిన కాగితం లేనిదే కారం రానివ్వమంది యూరప్. ఈ రంగు నూనెలో కరుగుతుంది, నీళ్ళల్లో కరగదు. అంటే అమ్మ గ్లాసుకి చిక్కదు, ల్యాబు కావాల్సిందే.

చాలావరకు దిగుమతుల మీద బతికే ఒమన్ కూడా 2008లో 84వ నంబరు రాజశాసనంతో ఆహార భద్రతా చట్టం తెచ్చుకుంది.

ఇప్పుడు మన దేశంనుంచి ఎగుమతయ్యే కారానికి సుడాన్ పరీక్ష తప్పనిసరి. మా ఊళ్ళో విడిగా తూచి అమ్మే కారానికి మాత్రం చాలాసార్లు అమ్మ గ్లాసే దిక్కు.