క్రైస్తవ దృష్టితో అమెరికా సాహిత్య బోధన: బరంపురం నేపథ్యం

అమెరికా రచయితల కథలు, కవితలు హైస్కూలు పిల్లలతో చదివించి, వాటిలో పాపం, కృప, మనస్సాక్షి, స్వేచ్ఛ ఎలా పలుకుతాయో బైబిలు పక్కన పెట్టుకుని చర్చించే పద్ధతి ఇది. అమెరికాలోని కొన్ని క్రైస్తవ బడులు, ఇంట్లోనే చదువు చెప్పుకునే కుటుంబాలు దీన్ని పాటిస్తాయి. ఫ్లోరిడాలోని అబెకా, దక్షిణ కరొలినాలోని బీజేయూ ప్రెస్ 1970ల నుంచి క్రైస్తవ బడుల కోసం పాఠ్యపుస్తకాలు వేస్తున్నాయి. మన దేశపు బడుల్లో ఇది వేరే సబ్జెక్టు కాదు; అమెరికా కవులు ఇంగ్లీషు వాచకంలో భాగంగానే వస్తారు. అయినా ఒడిశాలోని బరంపురం తెలుగు క్రైస్తవులకు అమెరికాతో ఉన్న సంబంధం పాతది.

ఇంగ్లండు జనరల్ బాప్టిస్టులు 1822లో కటకంలో పని మొదలుపెట్టారు. ఒడిశాలో వారిచ్చిన తొలి బాప్తిస్మం 1827 డిసెంబరు 25న బరంపురంలో జరిగింది. తీసుకున్నది ఎరున్ అనే తెలుగువాడు. ఒడియా నిఘంటువు కూర్చిన ఆమోస్ సట్టన్ ఈ మిషను వాడే. ఆయన అమెరికా వెళ్లినప్పుడు, తెలుగువారి మధ్యకు మనుషులను పంపమని అక్కడి బాప్టిస్టులను అడిగాడు. ఆ మాట మీదే శామ్యూల్ డే 1835 సెప్టెంబరులో బోస్టన్‌లో ఓడెక్కాడు. 1836లో విశాఖపట్నంలో దిగి, కొన్నాళ్లు శ్రీకాకుళంలో ఉండి, 1840లో నెల్లూరు చేరాడు. అక్కడ పని సాగక, మిషను ఎత్తేద్దామన్న చర్చ 1853లో వచ్చింది. అప్పుడు, అమెరికా దేశభక్తి గీతం రాసిన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్, 'లోన్ స్టార్' అనే పద్యం రాసి ఆ మిషను పక్షాన నిలిచాడు. మిషను నిలబడింది. తెలుగు నేల గురించి ఒక అమెరికన్ రాసిన ఆ పద్యం బరంపురం తరగతిలో మొదటి పాఠం కాదగినది.

ఈ బోధనకు అసలు పరీక్ష బానిసత్వ సాహిత్యం దగ్గర ఎదురవుతుంది. ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో వెలువరించిన ఆత్మకథకు అనుబంధం ఉంది. క్రీస్తు మతం వేరు, బానిసలను కొని అమ్మే యజమానుల మతం వేరని అందులో ఆయన కచ్చితంగా గీత గీశాడు. క్రైస్తవ దృష్టి అని చెప్పి ఆ అనుబంధాన్ని వదిలేసే తరగతి తన పని తాను చేయనట్టే. హారియెట్ బీచర్ స్టోవ్ 1852 నవల ఆ తర్వాతే చదివించాలి. బాధపడినవాడి గొంతు ముందు వినపడాలి. అదే కాలంలో, గంజాం కొండల్లో మెరియా అనే నరబలి నుంచి విడిపించిన పిల్లలను బరంపురం బాప్టిస్టు మిషనరీలు తీసుకుని పెంచి చదివించారు. బలి కోసం కొన్న పిల్లల కథ తెలిసిన ఊళ్లో డగ్లస్ పరాయివాడు కాడు.

కవిత్వానికి దారి పాటల పుస్తకంలోంచి ఉంది. ఎమిలీ డికిన్సన్ (1830–1886) ఏ సంఘంలోనూ సభ్యురాలిగా చేరలేదు, కానీ ఆమె పద్యాల నడక చాలావరకు చర్చి కీర్తనల నడకే. తెలుగు సంఘాల్లో నేటికీ పాడే కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. ఆయన పాటలు మన రాగాల్లో ఉంటాయి. ఆదివారం వాటిని పాడే పిల్లకు, పాటకు కట్టిన లయలో సందేహాన్ని కూడా పలికించవచ్చని డికిన్సన్ చూపిస్తుంది. ఆమెను భక్తురాలిగా దిద్ది చెప్పడం మాత్రం తప్పు.

కేంద్ర సిలబస్ పదో తరగతి వాచకంలో రాబర్ట్ ఫ్రాస్ట్, కార్ల్ శాండ్‌బర్గ్, ఏడ్రియన్ రిచ్ ఉన్నారు. లోకం అగ్నితో అంతమవుతుందా, మంచుతోనా అని అడిగే ఫ్రాస్ట్ కవిత పక్కన పేతురు రెండో పత్రిక మూడో అధ్యాయం పెట్టి చదివితే, కవి అగ్నిని కోరికకు, మంచును ద్వేషానికి ఎందుకు ముడిపెట్టాడో పిల్లలే మాట్లాడతారు. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ కుదరదు; ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో సంరక్షకుల సమ్మతి లేకుండా పిల్లలను అందులో కూర్చోబెట్టకూడదు. కవితలో ఉన్న బైబిలు ప్రస్తావనను వివరించడం మాత్రం సాహిత్య పాఠమే.