కాబా గడప

ఒకనాడు తరగతిలో అరబ్బుల చరిత్రము చెప్పుచు మక్కాలోని కాబా పటమును బాలురకు జూపితిని. నల్లని పట్టుతెరను, దానిపై జరీతో నేసిన యక్షరములను, చుట్టును ప్రదక్షిణము చేయు జనసమూహమును అందఱును చూచిన పిమ్మట ఒక బాలుడు లేచి, "అయ్యా! తలుపు మనిషి తలకంటె పైన నున్నదే. లోపలి కెట్లు పోవుదురు?" అని యడిగెను. ఆ లోయలో వరదలు వచ్చుట కలదు గనుక నీరు చొరకుండుటకై యట్లు కట్టిరని చెప్పి పాఠము ముగించితిని. తరువాత పుస్తకములు తిరుగవేసి చూడగా నా యుత్తరము సగమే నిజమని తేలినది. తక్కిన సగము, ఆ మందిరము పుట్టుకను గూర్చియు యాత్రను గూర్చియు ముసల్మానులు చెప్పుకొను కథలతో పెనవైచికొని యున్నది. ఆ బాలునకు చెప్పవలసినదానిని ఇక్కడ చెప్పుచున్నాను.

మానవులకై యేర్పడిన మొదటి దేవగృహ మిదియే యని ఖురాను చెప్పుచున్నది. ఇబ్రాహీము ప్రవక్తయు ఆయన కుమారుడగు ఇస్మాయీలును దాని పునాదులను లేవనెత్తిరనియు చెప్పుచున్నది. అంతకు పూర్వమే ఆదము దానిని కట్టెననియు, స్వర్గమున దేవదూతలు సేవించు మందిరమునకు సరిగా క్రిందనే యిది యున్నదనియు, జలప్రళయముచేత మఱుగుపడిన యా చోటు ఇబ్రాహీమునకు మఱల చూపబడెననియు తరువాతివారు వ్రాసిరి. క్రీస్తుశకము తొమ్మిదవ శతాబ్దమున మక్కావాసియైన అజ్రఖీ తన నగరచరిత్రమున నిట్టి కథల నెన్నింటినో కూర్చెను. వీనినెల్ల నమ్మి తీరవలెనని ముసల్మాను పండితులు పట్టుపట్టిరని తలపరాదు. ఇబ్రాహీమునకు ముందే కాబా యుండెననుటకు ప్రవక్తనుండి వచ్చిన నమ్మదగిన వాక్యము లేదని పదునాలుగవ శతాబ్దపు వ్యాఖ్యాత ఇబ్ను కసీరు నిర్మొగమాటముగా వ్రాసెను. మన స్థలపురాణములను వ్యాఖ్యానించువారిలో నిట్టి ధైర్యము కలవారు ఎందఱు గలరో చదువరులే యెంచుకొనవచ్చును.

జనుల హృదయమున లోతుగా నాటుకొన్న కథ హాజిరాది. ఈమె ఈజిప్టుదేశపు దాసి. ఇబ్రాహీము ఈమెను, పాలు త్రాగు శిశువైన ఇస్మాయీలును, నీరుగాని పైరుగాని లేని యా లోయకు తోడ్కొని వచ్చి, ఒక సంచిలో ఖర్జూరములును ఒక తోలుతిత్తిలో నీరును ఉంచి వెనుకకు మరలెను. ఆమె వెంటబడి, తమ్ము నెవరికి విడిచి పోవుచున్నావని పలుమాఱు లడిగినను ఆయన తిరిగి చూడలేదు. తుద కిది దైవాజ్ఞయా యని యడిగెను. ఔనని యాయన చెప్పగా, ఐనచో దేవుడు మమ్ము విడువడని చెప్పి ఆమె వెనుదిరిగెను. నీరు తీరినది, పాలు ఇంకినవి, బిడ్డ దప్పిచే కొట్టుకొనుచుండెను. ఆ బాధ చూడలేక తల్లి సఫా గుట్ట యెక్కి యెవరైన కనబడుదురేమో యని చూచెను. లోయలోనికి దిగి, కొంగు పైకెత్తి పరుగిడి, ఎదుటి మర్వా గుట్ట యెక్కెను. ఇట్లు ఏడు మాఱులు. అప్పుడు దేవదూత వచ్చి నేలను తట్టగా నీరు పైకుబికెను. ఆమె ఇసుకతో దాని చుట్టును గట్టు వేసెను. అదియే జంజం బావి. నీటిమీద తిరుగు పక్షులను చూచి జుర్హుము తెగవారు వచ్చి, అచ్చట దిగుటకు ఆమె యనుమతి వేడిరి. ఉండవచ్చును గాని నీటిపై మీకు హక్కు లేదని ఆమె చెప్పెననియు, వారందుకు సమ్మతించిరనియు బుఖారీ సంపుటములో నున్నది. నాటి దాసి పరుగునే నేటికిని ప్రతి యాత్రికుడును, రాజైనను బంటైనను, సఫా మర్వాల నడుమ నడుచుట హజ్జు విధులలో నొకటి.

ఇది చరిత్రమా యని యడుగవచ్చును. బైబిలులోని ఆదికాండము హాజిరా దప్పికథను బెయేర్షెబా యెడారిలో జరిగినదిగా చెప్పుచున్నది. ఇబ్రాహీము మక్కాకు వచ్చెననుటకు ఈ సంప్రదాయమునకు వెలుపల పూర్వకాలపు సాక్ష్యము చరిత్రకారులకు దొరకలేదు. ఈ సంగతిని దాచుట నాకు సమ్మతము గాదు. కాని కథ పుట్టిన దేశకాలముల నిర్ణయముతో చరిత్రకారుని పని తీరదు. ఆ కథను నమ్మినవారు దానితో నేమి చేసిరో చూచుటయు అతని పనియే.

జుర్హుముల పిమ్మట ఖుజాఆ తెగవారును, వారి పిమ్మట ఖురైషులును ఆ మందిరమునకు కావలివారైరి. నడుమ విగ్రహములు చేరినవి. ఇబ్రాహీము పిలుపు అందఱికి నైనను పెత్తనము మాత్రము ఖురైషులదే యయ్యెను. వారు తమకు "హుముసు" అను గౌరవనామ మేర్పఱచుకొని, పరదేశపు యాత్రికులెల్ల అరఫాతు మైదానమునకు పోవుచుండగా తాము మాత్రము పవిత్రభూమి హద్దు దాటక ముజ్దలిఫాలోనే నిలిచెడివారు. వెలుపలివారు తమ బట్టలతో ప్రదక్షిణము చేయరాదు. హుముసు వారియొద్ద బట్టలు తెచ్చుకొనవలెను. దొరకనిచో దిగంబరులై తిరుగవలెను. ఇదియంతయు ఇబ్రాహీము పేరుననే జరిగినది!

సుమారు 605వ సంవత్సరమున, వరదచేత గోడలు బీటలువాఱగా ఖురైషులు కాబాను తిరిగి కట్ట నిశ్చయించిరి. పడగొట్టుటకు మాత్రము ఎవరికిని చేయి రాలేదు. వలీదను పెద్ద యొకడు ముందు పడి కొన్ని ఱాళ్లు తొలగించెను. వానికి కీడు మూడునేమో యని తక్కినవారు రాత్రియంతయు కనిపెట్టి, తెల్లవాఱి యతడు క్షేమముగా వచ్చుట చూచి గడ్డపాఱలు పట్టిరి. తీరమున పగిలిన యొక యోడ కలపను కొని తెచ్చిరి. వడ్డీసొమ్ము, వేశ్యావృత్తి సొమ్ము, అన్యాయార్జితము ఈ పనికి కూడదని కట్టడి చేసికొనిరి. అట్టి శుద్ధమైన ధనము చాలనందున ఉత్తరపు ప్రక్కను కొన్ని మూరల మేర వెలుపల విడిచి గోడ పెట్టిరి. పెద్ద వర్తకుల నగరమున ధర్మధనమునకు కొఱత వచ్చెనని వారి వంశీకులే చెప్పుకొనుట నాకు మెచ్చదగినదిగా తోచినది. నల్లఱాతిని నిలుపు గౌరవమునకై తెగలు కలహింపగా, అప్పటికి ముప్పదియైదేండ్లవాడైన మహమ్మదు దానిని వస్త్రముపై నుంచి అన్ని తెగలవారిచేతను అంచులు పట్టించెనను కథ యెల్లవారికి తెలిసినదే. ద్వారమును ఎత్తున పెట్టినదియు అప్పుడే.

ఎందుకు? దీనికి ప్రవక్తయే తన భార్య ఆయిషాకు చెప్పిన కారణము హదీసు గ్రంథములలో నున్నది. తమ కిష్టులైనవారినే లోనికి విడుచుటకై నీవారు అట్లు చేసిరనియు, ఇష్టము లేనివాడు పైకెక్కనెక్కనిచ్చి, గడప చేరబోవునప్పుడు త్రోసివేయుదురనియు, వాడు క్రింద బడుననియు ఆయన చెప్పెను. గుడిగడప సంగతి మనకును తెలియనిది కాదు గనుక ఈ వాక్యము చదివినప్పుడు నేను పుస్తకము కొంతసేపు మూసియుంచితిని.

630లో మక్కా ప్రవక్త వశమైనది, విగ్రహములు తొలగినవి. మఱుసటి యేట దిగంబర ప్రదక్షిణము నిషేధింపబడెను. ఇతరులు మరలివచ్చు చోటినుండియే ఖురైషులును మరలవలెనని ఖురాను శాసించెను. 632లో కడపటి యాత్రకు వచ్చిన ప్రవక్త ముజ్దలిఫాలో నిలుచునని ఖురైషు లెదురుచూచుచుండగా దానిని దాటి అరఫాతునకు పోయి సామాన్యులతో నిలిచెను. ఆచారమును త్రోసివేయక, ఆచారముచేత బిగిసిన పెత్తనమును మాత్రము ఊడదీయుటకు ఆయన చూపిన ప్రమాణము ఇబ్రాహీము కథయే. ఖురైషులు దేనిపేర గర్వించిరో దానిపేరనే వారి గర్వ మణగినది.

ఒక్క ద్వారము మాత్రము మిగిలినది. నీ జనులు అజ్ఞానకాలమును విడిచి యెన్నాళ్లో కాలేదు; వారి మనస్సులు కలతపడునను భయము లేనిచో, ఈ గృహమును పడగొట్టి ఇబ్రాహీము పునాదులపై కట్టి, నేలమట్టమున రెండు వాకిండ్లు పెట్టియుందునని ఆయన ఆయిషాతో ననెను. విగ్రహములను కూల్చినవాడు గడపను దించుటకు జంకెను! దీనిని పిఱికితన మనుటకు నాకు నోరు రాదు. ఏది నేడు చేయవలెనో, ఏది జనులు పరిపక్వులగువఱకు ఆపవలెనో యెఱుగుట సంస్కర్తకు కత్తిమీది సాము. ఐనను ఆపిన పని యేమగునో కూడ చూడవలెను.

683లో యజీదు సేనలు మక్కాను ముట్టడింపగా కాబా కాలిపోయి నల్లఱాయి పగిలెను. నగర మేలుచున్న అబ్దుల్లా ఇబ్ను జుబైరు ఆయిషా అక్క కొడుకు. ఆమె నోటినుండి ఆ మాట విన్నవాడు. అతడు పాత పునాదులవఱకు త్రవ్వించి జనులకు చూపి, విడిచిన భాగమును కలిపి, నేలమట్టమున తూర్పున నొకటి పడమట నొకటి ద్వారములు పెట్టించెను. ఒక వాకిట ప్రవేశించి మఱియొక వాకిట వెలువడవచ్చును. ఈ యేర్పాటు పదియేండ్లైన నిలువలేదు. 692లో హజ్జాజు సేనాని యతనిని చంపి, ఖలీఫా అబ్దుల్ మలికు అనుమతితో మఱుసటి యేట కట్టడమును ఖురైషుల కాలపు రూపునకు తెచ్చెను. పడమటి ద్వారము మూసి, తూర్పుద్వారమును మఱల పైకెత్తెను. ఆయిషా మాట నిజమేనని యొక పెద్దమనుష్యుడు తరువాత సాక్ష్యమీయగా, ఖలీఫా చేతికఱ్ఱతో నేల గీయుచు కొంతసేపూరకుండి, దాని నట్లే విడిచియుండిన బాగుండెడిదని పశ్చాత్తాపపడెనట.

అబ్బాసు వంశపు ఖలీఫా యొకడు — మహదీ యని కొందఱు, హారూను రషీదని కొందఱు — ఇబ్ను జుబైరు రూపును తిరిగి నిలుపగోరి ఇమాము మాలికును సలహా యడిగెను. దేవగృహమును రాజుల యాటవస్తువుగా చేయవలదని మాలికు వారించెను. కట్టువాడొకడు, కూల్చువాడొకడుగా సాగినచో దానిపై జనులకు భక్తి నశించునని యాయన భయము. 1630 ప్రాంతమున వరదలో గోడలు కూలగా తురుష్క సుల్తాను నాలుగవ మురాదు కట్టించినప్పుడును ఖురైషుల కొలతలే నిలిచినవి. నేటి కట్టడము అదియే. ద్వారము నేలకు సుమారు ఏడడుగుల యెత్తున నున్నది. తెఱచునప్పుడు మెట్లబండిని తెచ్చి చేర్తురు. తాళపుచెవి నేటికిని షైబా వంశమువారి చేతనే యున్నది.

ధనము చాలక వెలుపల విడిచిన యా ఉత్తరపు చోటునకు హిజ్రు అని పేరు. దాని చుట్టును అర్ధచంద్రాకారమున మొలయెత్తు గోడ యొకటి కలదు. హాజిరా సమాధియు ఇస్మాయీలు సమాధియు అందే యున్నవని కొన్ని కథలు. కాబాలోపల ప్రార్థింప గోరిన ఆయిషాను ప్రవక్త చేయి పట్టుకొని యచ్చటికే తీసికొనిపోయి, ఇదియు గృహములోని భాగమే, ఇచ్చట ప్రార్థింపుమని చెప్పెనట. ప్రదక్షిణము చేయువారు దానిని వెలుపలినుండియే చుట్టి పోవుదురు. తక్కిన సమయముల నందు ప్రవేశించి ప్రార్థించుటకు మెట్లు లేవు, తలుపు లేదు, తాళము లేదు.